బడి టౌన్‌లో, పిల్లలు ఊళ్లల్లో

పొద్దున ఎనిమిది దాటాక తొర్రూరు, వర్ధన్నపేట, పరకాల, నర్సంపేట... ఉమ్మడి వరంగల్ జిల్లాలో ఇలాంటి ఏ చిన్న టౌన్ బస్టాండ్ దగ్గర పది నిమిషాలు నిలబడ్డా మూడు రకాల రాకపోకలు కనిపిస్తాయి. టౌన్ పిల్లలు మెడకు టై కట్టుకుని, పసుపు బస్సెక్కి ప్రైవేట్ బడులకు పోతుంటారు. కొంచెం స్తోమత ఉన్న ఇంటి పిల్లలైతే హన్మకొండ దాకా పోతారు. చుట్టుపక్కల ఊళ్ల నుంచి, తండాల నుంచి పల్లెవెలుగు బస్సుల్లో, ఆటోల్లో వచ్చిన పిల్లలు దిగి హైస్కూల్ దారి పడతారు. అదే సమయానికి హన్మకొండ వైపు నుంచి వచ్చే బస్సుల్లో, నలుగురు కలిసి మాట్లాడుకున్న కార్లలో సార్లు, మేడంలు దిగుతారు. సాయంత్రం నాలుగుంబావు దాటితే ఇదంతా తిరగబడుతుంది. పిల్లలు ఊళ్లకు, సార్లు హన్మకొండకు. బడి ఒక్కటే టౌన్‌లో మిగులుతుంది.

జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల మీద చర్చ ఎప్పుడు వచ్చినా గోడలు, టీచర్లు, టెన్త్ రిజల్ట్ చుట్టూనే తిరుగుతుంది. అవి ముఖ్యం కావని కాదు. కానీ చాలా మండల కేంద్రాల్లో ఈ బడికి వచ్చిన కష్టాలన్నింటికీ వెనక ఒక పెద్ద మార్పు ఉంది. ఒకప్పుడు ఊరందరి బడిగా ఉన్నది, ఇప్పుడు టౌన్‌లో ఉండి టౌన్‌ది కాకుండా పోయింది. అక్కడ చదివే పిల్లల్లో ఎక్కువ మంది వేరే ఊళ్ల వాళ్లు. చెప్పేవాళ్లు వేరే టౌన్ వాళ్లు. పక్కనే కాపురం ఉండి, గేటు ముందు నుంచి రోజూ నడిచిపోయే మనిషికి ఆ బడిలో తన పిల్లవాడు లేడు. తన పిల్లవాడు లేని బడిలో మూడు నెలలుగా లెక్కల సారు లేకపోయినా ఆయనకు తెలియదు, తెలిసినా నిద్ర చెడదు.

ముందు ఇలా ఉండేది కాదు. నిజాం కాలంలో పై చదువంతా ఉర్దూలో నడిచింది. 1918లో పెట్టిన ఉస్మానియా విశ్వవిద్యాలయమే ఉర్దూ మాధ్యమంలో మొదలైంది. హన్మకొండలో 1904లోనే రాజరాజ నరేంద్రాంధ్ర భాషా నిలయం వెలిసింది కాబట్టి తెలుగు పుస్తకం చదవాలన్న ఆశకు లోటు లేదు గానీ, పల్లె పిల్లవాడికి తెలుగులో హైస్కూల్ చదువు అందే దారి మాత్రం చాలా సన్నం. హైదరాబాద్ రాష్ట్రం భారతదేశంలో కలిశాక బడులు తెరుద్దామంటే తెలుగులో, ఇంగ్లిష్‌లో చెప్పగలిగిన స్థానికులు సరిపోలేదు. ఆ ఉద్యోగాల్లోకి దొంగ ముల్కీ, అంటే స్థానికులమనే, సర్టిఫికెట్లతో బయటివాళ్లు వస్తున్నారన్న కోపంతోనే 1952లో వరంగల్ విద్యార్థులు రోడ్డెక్కారు. అది రాష్ట్రమంతా పాకి ముల్కీ ఉద్యమమైంది. అంటే ఈ ప్రాంతంలో బడి పంతులు కుర్చీ మొదటి నుంచీ ఉత్త కుర్చీ కాదు.

1959లో పంచాయతీ సమితులు, జిల్లా పరిషత్‌లు ఏర్పడ్డాక ఉన్నత పాఠశాలలు జిల్లా పరిషత్ చేతికి వచ్చాయి. సమితి కేంద్రానికో, సంత జరిగే పెద్ద ఊరికో ఒక హైస్కూల్. చాలాచోట్ల జాగా ఊరివాళ్లే ఇచ్చారు. బెంగుళూరు పెంకుల కప్పు, పొడుగాటి వరండా, ముందు వేపచెట్టు, వెనక ఎకరాల కొద్దీ గ్రౌండ్. జనం దాన్ని ‘పెద్ద బడి’ అన్నారు. ప్రైవేట్ హైస్కూల్ అనే మాటే లేని రోజుల్లో పటేల్ కొడుకూ, షావుకారు కొడుకూ, సాలోళ్ల పిల్లవాడూ అక్కడే చదివారు. ఒకే బెంచీ మీద కూర్చున్నారా, అందరినీ ఒకేలా చూశారా అన్నది వేరే కథ. కానీ బడి మీద టౌన్ మొత్తానికీ ఒక ఆసక్తి ఉండేది. హెడ్మాస్టర్ బజారుకు వస్తే లేచి నిలబడేవాళ్లు. గణితం సారు లేకపోతే సమితి ప్రెసిడెంట్ ఇంటికి పోయి అడిగేవాళ్లు. అడిగేవాడి కొడుకు ఆ క్లాసులోనే ఉండేవాడు మరి.

ఇప్పుడు అడగాలంటే ఎవరిని అడగాలన్నదే చిక్కు. 2018లో తెలంగాణ ప్రభుత్వం చాలా మేజర్ గ్రామ పంచాయతీలను మున్సిపాలిటీలు చేసింది. వర్ధన్నపేట, తొర్రూరు, మరిపెడ, డోర్నకల్ అప్పుడే పురపాలక పట్టణాలయ్యాయి. పరకాల, నర్సంపేట అంతకు ముందే అయ్యాయి. బోర్డులు మారాయి, ఇంటి పన్ను మారింది. హైస్కూల్ మాత్రం జిల్లా పరిషత్‌దిగానే ఉంది. మున్సిపాలిటీ ఓటరు జడ్పీటీసీకి, అంటే జిల్లా పరిషత్ సభ్యుడికి, ఓటు వేయడు, కౌన్సిలర్‌కు వేస్తాడు. కౌన్సిలర్‌కు ఆ బడి మీద అధికారం లేదు. జడ్పీటీసీకి ఆ బడి ఉన్న వీధిలో ఒక్క ఓటు లేదు. పైగా 2016లో పాత వరంగల్ జిల్లాను ముక్కలు చేసి, 2019లో ములుగును కూడా విడదీశాక ఒక్క జిల్లా పరిషత్ ఆరైంది. 2024 జూలైలో పాలకవర్గాల గడువు ముగిశాక వాటిలో ప్రత్యేకాధికారులు కూర్చున్నారు. నిజం చెప్పాలంటే పాలకవర్గం ఉన్నప్పుడైనా జడ్పీకి ఈ బడుల మీద మిగిలింది పేరు మాత్రమే. జీతం రాష్ట్ర ఖజానా నుంచి, బదిలీ విద్యాశాఖ నుంచి, పుస్తకం పాఠ్యపుస్తకాల ముద్రణాలయం నుంచి వస్తాయి. గేటు మీద రాసిన ‘జి.ప.’ అనే రెండక్షరాలు ఒక కాలపు గుర్తు, అంతే.

చుట్టుపక్కల ఊళ్ల పిల్లలందరూ ఈ బడికే వస్తారనుకున్నా పొరపాటే. ఐదో తరగతి అయ్యేలోపు పిల్లలు మూడు జల్లెళ్ల గుండా పడతారు. మొదటిది పసుపు బస్సు. తెల్లారి ఏడింటికే అది ఊళ్లోకి వచ్చి, రెండెకరాలో మూడెకరాలో ఉన్న రైతు కొడుకును ఎక్కించుకుని పోతుంది. రెండోది గురుకులం, అంటే ప్రభుత్వ హాస్టల్ బడి. సాంఘిక, గిరిజన సంక్షేమ గురుకులాలు ముందు నుంచీ ఉన్నాయి. 2016లో మైనారిటీ గురుకులాలు, 2017లో బీసీ గురుకులాలు పెద్ద సంఖ్యలో వచ్చాయి. ఐదో తరగతి ప్రవేశ పరీక్షలో సీటు తెచ్చుకున్న పిల్ల, అంటే ప్రాథమిక బడిలో కాస్త చురుకైన పిల్ల, అటు పోతుంది. మూడోది మండలంలోనే ఉన్న కస్తూర్బా, మోడల్ స్కూల్. రాష్ట్రంలో 194 మోడల్ స్కూళ్లున్నాయి. అక్కడ ఆరో తరగతికి మళ్లీ ఒక పరీక్ష. ఈ మూడు జల్లెళ్లలోనూ ఆగకుండా కిందికి జారిన పిల్లలు జూన్‌లో పెద్ద బడి ఆరో తరగతిలో కూర్చుంటారు. గురుకులం సీటు వచ్చినా ఇంటి మీద బెంగతో వెనక్కి వచ్చినవాళ్లు, చెల్లెల్ని చూసుకోవాల్సిన అక్కలు, అమ్మమ్మ ఇంట్లో పెరిగేవాళ్లు, హైదరాబాద్‌లో మేస్త్రీ పనికి పోయి తిరిగొచ్చిన కుటుంబాల పిల్లలు. వీళ్లలో చురుకైనవాళ్లు లేరని కాదు, ఉంటారు. కానీ ఒకే జిల్లాలో గురుకులం రిజల్ట్‌ను, జిల్లా పరిషత్ హైస్కూల్ రిజల్ట్‌ను పక్కపక్కన పెట్టి హెడ్మాస్టర్‌కు క్లాసు పీకే సమీక్షా సమావేశాల్లో ఈ జల్లెళ్ల మాట ఎవరూ ఎత్తరు.

గురుకుల ఆలోచన తప్పని ఇక్కడ వాదన కాదు. వరంగల్ జిల్లా లక్నేపల్లిలో పుట్టిన పి.వి.నరసింహారావు చొరవతోనే 1971లో నల్లగొండ జిల్లా సర్వేల్‌లో తొలి గురుకులం మొదలైంది. ఆ దారిలో పైకొచ్చిన పేదింటి పిల్లలు వేలల్లో ఉన్నారు. కానీ ప్రతి కొత్త గురుకులం పక్కనున్న పగటి బడి, అంటే హాస్టల్ లేని బడి, నుంచి ముందు వరుస పిల్లల్ని తీసుకుపోతుందన్న లెక్క కూడా అంతే నిజం. దానికి బదులుగా ఆ పగటి బడికి ఏమిచ్చారన్న ప్రశ్నకు జవాబు సన్నగా ఉంటుంది.

పిల్లల సంఖ్య తగ్గితే జరిగేది ఏంటో టీచర్లందరికీ తెలుసు. పోస్టులు పిల్లల లెక్కను బట్టి నిలుస్తాయి. రేషనలైజేషన్, అంటే ఆ లెక్కతో పోస్టులు సర్దడం, పేరు వింటేనే స్టాఫ్ రూమ్‌లో టెన్షన్ మొదలవుతుంది. హైస్కూల్ అంటే ఏడు సబ్జెక్టులు: తెలుగు, హిందీ, ఇంగ్లిష్, గణితం, భౌతికశాస్త్రం, జీవశాస్త్రం, సాంఘికం. చిన్న హైస్కూల్లో ఒక్కో సబ్జెక్టుకు ఒక్కరే. ఆ ఒక్కరు బదిలీ అయి, ఆ జాగాలోకి ఎవరూ రాకపోతే ఆరు నుంచి పది దాకా ఐదు తరగతులకూ ఆ సబ్జెక్టు ఆగినట్టే. ప్రాథమిక బడిలో ఒక టీచర్ లేకపోతే ఇంకో టీచర్ సర్దుకుంటారు. ఇక్కడ జీవశాస్త్రం మేడం త్రికోణమితి చెప్పలేరు. 2017 చివర్లో ఇచ్చిన నోటిఫికేషన్ తర్వాత మళ్లీ పెద్ద టీచర్ల నియామకం 2024లోనే జరిగింది. అప్పటి మెగా డీఎస్సీకి 11,062 పోస్టులు ప్రకటించారు. ఆ రెండింటి మధ్యకాలంలో ఖాళీలను నెట్టుకొచ్చిన విద్యా వలంటీర్లను కరోనా వచ్చిన ఏడాది నుంచి కొనసాగించలేదు. ప్రభుత్వ, పంచాయతీరాజ్ టీచర్ల మధ్య ఏకీకృత సర్వీసు రూల్స్ (ఇద్దరికీ ఒకే రూల్స్) తగాదా దశాబ్దాలుగా కోర్టుల్లో నలుగుతూ, మండల విద్యాధికారి పోస్టుల్ని కూడా ఎండబెట్టింది. దాంతో టౌన్ హైస్కూల్ హెడ్మాస్టరే మండలానికి ఇన్‌చార్జి ఎంఈఓ కూడా అవుతాడు. ఒక్కోసారి ఒకటి కాదు, రెండు మండలాలకు. ఆయన టేబుల్ మీద తన బడి ఫైలు కన్నా మిగతా బడుల ఫైళ్లే ఎత్తుగా ఉంటాయి.

తండ్రి ఇవన్నీ లెక్కగట్టి చూడడు. ‘ఫిజిక్స్ సారు లేడట’ అన్న మాట ఒక్కటి చాలు, వచ్చే జూన్‌లో పసుపు బస్సుకు ఇంకో పిల్లవాడు దొరికినట్టే. వాడు పోయినందుకు సంఖ్య ఇంకొంచెం తగ్గుతుంది, తగ్గినందుకు ఇంకో పోస్టు కదులుతుంది. ‘బడి బాట’ అని ఏటా జూన్‌లో టీచర్లు ఇంటింటికీ తిరుగుతారు గదా, టౌన్ వీధుల్లో వాళ్లకు మంచినీళ్లిచ్చి పంపుతారు. పిల్లలు దొరికేది ఊళ్లల్లోనే.

ఊళ్ల నుంచి పిల్లలు రావాలంటే బస్సు రావాలి. ఈ బడి టైంటేబుల్ నిజానికి స్టాఫ్ రూమ్‌లో కాదు, బస్ డిపోలో తయారవుతుంది. 2024లో ప్రభుత్వం హైదరాబాద్, సికింద్రాబాద్ మినహా రాష్ట్రమంతా హైస్కూళ్ల వేళలను తొమ్మిదిన్నర నుంచి తొమ్మిదికి జరిపింది. సాయంత్రం నాలుగుంబావుకే వదులుతారు కాబట్టి మొత్తం మీద మంచిదే. కానీ బడి గంట అరగంట ముందుకు జరిగినంత తేలిగ్గా బస్సు జరగదు. ఊరికి రోజుకు మూడు ట్రిప్పులు తిరిగే బస్సు పొద్దుటి ట్రిప్పు తొమ్మిదింబావుకు టౌన్‌లో దిగబెడితే ఆ బస్సులోని పిల్లలందరికీ మొదటి పీరియడ్ సగం పోయినట్టే. మొదటి పీరియడ్ ఎక్కువగా గణితమే పెడతారు, పొద్దున తల చల్లగా ఉంటుందని. అట్లా ఒక ఊరి పిల్లలు మొత్తం ఏడాది పొడుగునా గణితంలో సగం సగం విని కూర్చుంటారు. ఇది ఏ రిపోర్టులోనూ ‘గణితంలో వెనుకబాటు’ అనే కనిపిస్తుంది. బస్సు పేరు అందులో ఉండదు.

బస్సు చార్జీ సంగతి ఇంకా విచిత్రం. ఆర్టీసీ నిబంధన ప్రకారం ఆడపిల్లలకు పదో తరగతి దాకా, మగపిల్లలకు పన్నెండేళ్ల దాకా ఉచిత పాస్. పన్నెండేళ్లంటే ఏడో తరగతి. ఎనిమిదిలోకి వచ్చిన పిల్లవాడు రాయితీ పాస్‌కు డబ్బు కట్టాలి. 2023 డిసెంబర్ 9 నుంచి మహాలక్ష్మి పథకం కింద ఆడవాళ్లకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ప్రయాణం ఉచితమైంది. దాంతో ఆడపిల్లలకు పాస్ రెన్యువల్ బెడద కూడా పోయింది. పాస్ ఇచ్చిన రూటు బస్సే రావాలని ఎదురుచూడాల్సిన పని లేదు, ఏ బస్సు వస్తే అది ఎక్కుతారు. బడి కోసం పెట్టని పథకం బడి పిల్లలకు ఇంతగా పనికిరావడం మంచి సంగతే. కానీ అదే ఇంట్లో అక్క ఉచితంగా బస్సెక్కితే తొమ్మిదో తరగతి తమ్ముడు రోడ్డు మీద బైకు ఆపుతూ నిలబడతాడు. బైకు దొరికిన రోజు బడి, దొరకని రోజు చేను. టెన్త్ దాకా మగపిల్లలకు కూడా పాస్ ఉచితం చేస్తే ఆర్టీసీకి పోయేదెంత? ఈ లెక్క వేయడానికి కమిటీ అక్కర్లేదు, డిపోలో పాస్ కౌంటర్ గుమస్తా చెప్పేస్తాడు.

చేను అంటే ఇక్కడ పత్తి చేను. వానాకాలం పత్తి దసరా ప్రాంతంలో పగలడం మొదలై సంక్రాంతి దాకా ఏరుతూనే ఉంటారు. ఏరినదానికి కిలో లెక్కన కూలీ. కిలోల లెక్క అన్నాక చిన్న చేతులు కూడా లెక్కలోకి వస్తాయి. బతుకమ్మ, దసరా సెలవులకు పోయిన పిల్లలు అందరూ ఒకేరోజు తిరిగి రారు. నవంబర్‌లో ఎనిమిదో తరగతి అటెండెన్స్ రిజిస్టర్ తీస్తే ఒక వరుస అర్థమవుతుంది. సోమ, మంగళవారాల్లో హాజరు, తర్వాత రెండు రోజులు గైర్హాజరు, మళ్లీ హాజరు. వాన పడి పత్తి తడిస్తే ఆ రోజు క్లాసు నిండుతుంది, ఎండ కాస్తే ఖాళీ. వచ్చిన ఆడపిల్లల చేతి వేళ్లు చూస్తే గోటి చుట్టూ సన్నటి గీతలు. ఎండిన పత్తికాయ కొసలు సూదుల్లా ఉంటాయి మరి. ఆ వేళ్లతో పెన్ను గట్టిగా పట్టలేక అక్షరం వంకర పోతుంది. తెలుగు సారు దస్తూరి బాగాలేదని కోప్పడి, చెయ్యి చూశాక ఊరుకుంటాడు. ఫిబ్రవరి వచ్చేసరికి మిర్చి తోటలు. అప్పుడు ఏరేది కాయ, మండేది చెయ్యి. వరంగల్ ఎనుమాముల మార్కెట్‌కు చేరే పత్తి బస్తాల్లో, మిర్చి టిక్కీల్లో ఈ బడుల పనిదినాలు కూడా కొన్ని ఉంటాయి. రెండేళ్లకోసారి మేడారం జాతర వచ్చినప్పుడు క్లాసులు ఖాళీ అవుతాయి గానీ అది వారం ముచ్చట, సంబురం కూడా. పత్తి అట్లా కాదు.

ఇంట్లో అమ్మ, నాయన ఇద్దరూ పొద్దున్నే కైకిలి పోతే పిల్లలు సద్ది కట్టుకోకుండానే బస్సెక్కుతారు. కాబట్టి మధ్యాహ్న భోజనం ఇక్కడ పథకం కాదు, పూట. మధ్యాహ్న భోజనం మీద సుప్రీంకోర్టు ఆదేశం 2001లో వచ్చింది. ఉమ్మడి రాష్ట్రంలో 2003లో ప్రాథమిక తరగతులతో మొదలై తర్వాత హైస్కూల్ దాకా పాకింది. తెలంగాణ వచ్చాక 2015 జనవరి నుంచి సన్నబియ్యం. కేంద్రం పథకం ఎనిమిదో తరగతితో ఆగిపోతుంది. తొమ్మిది, పది తరగతుల ఖర్చు రాష్ట్రం భరించాలి. కట్టెల పొయ్యి మీద గిన్నె ఒకటే, ఖాతాలు రెండు. ఒక ఖాతాలో బిల్లు వచ్చి ఇంకో ఖాతాలో రాకపోతే, వంట చేసే అక్క కిరాణా కొట్టు దగ్గర ‘ఎనిమిది దాకా పైసలొచ్చినయ్, తొమ్మిది పదికి రాలే’ అని చెప్తే కొట్టువాడికి అర్థమవుతుందా? 2025 మే నుంచి ఆరు నుంచి ఎనిమిది తరగతుల పిల్లలకు కేంద్రం నిర్ణయించిన వంట ఖర్చు తలకు 10 రూపాయల 17 పైసలు. బియ్యం వేరుగా వస్తాయి. పప్పు, కూరగాయలు, నూనె, కట్టెలు అన్నీ ఆ పదింటిలోనే. కేంద్రం 2009లో వంటమనిషికి నెలకు వెయ్యి రూపాయలు నిర్ణయించింది. తెలంగాణలో 2023లో దాన్ని మూడు వేలు చేశారు. కూరగాయల ధర పెరిగిన వారం సాంబారు నీళ్లబడితే తిట్టాల్సింది ఆ అక్కను కాదు.

మాధ్యమం గురించి చాలా వాదనలు నడిచాయి కాబట్టి ఇక్కడ కొంచెమే. 2008లో ‘సక్సెస్’ పేరుతో హైస్కూళ్లలో ఇంగ్లిష్ మీడియం సెక్షన్లు పెట్టారు. 2022-23లో ఒకటి నుంచి ఎనిమిది దాకా అన్ని ప్రభుత్వ బడుల్లో ఇంగ్లిష్ మీడియం తెచ్చి, ఒక పేజీలో ఇంగ్లిష్, ఎదురు పేజీలో తెలుగు ఉండే పుస్తకాలు ఇచ్చారు. ఆలోచన మంచిదే. తండాలో లంబాడీ మాట్లాడే పిల్లకు మాత్రం రెండు పేజీలూ ఎదురు పేజీలే. పసుపు బస్సును ఇంగ్లిష్ మీడియం ఆపుతుందన్న ఆశ పెద్దగా ఫలించలేదు. టౌన్ తల్లిదండ్రులు కొనేది ఇంగ్లిష్ ఒక్కటే కాదు, తమ పిల్లలు ఎవరి పక్కన కూర్చుంటారన్నది కూడా. ఈ మాట ఎవరూ పైకి అనరు.

బడి మీద ప్రభుత్వం డబ్బు పెట్టలేదని కూడా అనలేం. 2022 మార్చి 8న వనపర్తిలో మొదలైన ‘మన ఊరు – మన బడి’ 26,065 బడులకు మూడేళ్లలో 7,289 కోట్లు అని ప్రకటించుకుంది. మొదటి విడతలో 9,123 బడులు. మంచినీళ్లు, మరుగుదొడ్లు, కరెంటు, బెంచీలు, రంగులు, మరమ్మతులు, గ్రీన్ బోర్డులు, ప్రహరీ, వంటగది, కొత్త గదులు, భోజనశాల, డిజిటల్ సామాగ్రి అని పన్నెండు పనులు ఎంచారు. పని పూర్తయిన చోట బడి కళకళలాడింది. కానీ ఆ పన్నెండింటిలో పిల్లవాడు ఇంటి నుంచి గేటు దాకా ఎట్లా వస్తాడన్నది లేదు. గేటు లోపలిదే బడి అనుకుంటే అంతే మరి.

2024లో ఈ పనులను ‘అమ్మ ఆదర్శ పాఠశాల’ కమిటీలకు అప్పగించారు. మహిళా సంఘాల సమాఖ్య అధ్యక్షురాలు కమిటీకి పెద్ద, హెడ్మాస్టర్ కన్వీనర్. కాంట్రాక్టర్ పెత్తనం తగ్గించాలనుకోవడం మెచ్చుకోదగ్గదే. ప్రాథమిక బడిలో ఇది బాగా కుదురుతుంది. అమ్మ, బడి ఒకే వాడలో ఉంటారు కాబట్టి. టౌన్ హైస్కూల్లో ఆ పెద్దమ్మ టౌన్ మనిషి, అమ్మలు ఊళ్ల మనుషులు. మీటింగ్ అంటే ఒక తల్లికి ఆ రోజు కైకిలి పోయినట్టే. బస్సు ఉచితమే, రోజు కూలీ ఉచితం కాదు. నూటయాభై మంది తల్లిదండ్రులున్న బడిలో మీటింగ్ రిజిస్టర్ మీద పన్నెండు సంతకాలుంటే వాళ్లకు పట్టింపు లేదని రాసుకోవడం అన్యాయం.

టెన్త్ దగ్గరికి వచ్చేసరికి లోకమంతా ఈ బడి వైపు చూస్తుంది. 2025 మార్చి పరీక్షల్లో రాష్ట్రం మొత్తం మీద 92.78 శాతం పాసైతే మహబూబాబాద్ జిల్లా 99.29 శాతంతో రాష్ట్రంలో మొదట నిలిచింది. పాత వరంగల్ నుంచి చీలిన జిల్లా, తండాలు ఎక్కువున్న జిల్లా. ఈ అంకె వెనక టీచర్ల కష్టం ఉంది. జనవరి నుంచి పొద్దున ఒక గంట, సాయంత్రం ఒక గంట స్పెషల్ క్లాసులు, చదువులో వెనకబడ్డవాళ్లను టీచర్లు దత్తత తీసుకోవడం, తెల్లవారుజామున ఫోన్ చేసి లేపడం. అదంతా చేసినవాళ్లకు దండం పెట్టాల్సిందే. కానీ సాయంత్రం క్లాసు ఐదుంబావుకు వదిలితే చివరి బస్సు పోతుంది. తల్లిదండ్రులు ఆటో మాట్లాడతారు, లేదంటే సారే ఇద్దరు ముగ్గురిని తన బండి మీద ఊరి కమాను దాకా దింపి, తర్వాత హన్మకొండ దారి పడతాడు. 2025లో ఈ క్లాసుల పిల్లలకు సాయంత్రం తినడానికి రోజుకు 15 రూపాయల లెక్కన చిరుతిళ్లు ఇచ్చారు. ఉడికించిన శనగలో, పల్లీపట్టీయో చేతిలో పడితే ఆ గంట ప్రాణం నిలుస్తుంది. ఆటోకు మాత్రం ఎవరూ ఇవ్వలేదు.

పగటి బడి పిల్లల దారి వేరన్న సంగతి ప్రభుత్వానికి తెలియదా అంటే, రెండు చోట్ల ఒప్పుకుంది. ఎనిమిదో తరగతిలో రాసే కేంద్ర ఎన్ఎంఎంఎస్ స్కాలర్‌షిప్ గురుకులాల పిల్లలకు వర్తించదు. గట్టెక్కితే తొమ్మిది నుంచి ఇంటర్ దాకా ఏడాదికి 12,000 రూపాయలు. బాసర ట్రిపుల్ ఐటీ సీట్లకు, టెన్త్‌లో గ్రేడ్లు ఇచ్చిన కాలంలో, గురుకులం కాని ప్రభుత్వ బడుల పిల్లల జీపీఏకు 0.4 కలిపేవాళ్లు. ఉత్తర తెలంగాణలో హైస్కూల్ హెడ్మాస్టర్ గదిలోకి పోతే గోడ మీద ఫ్లెక్సీలో బాసర సీటు వచ్చిన పిల్లల ఫోటోలు ముందు వరుసలో ఉంటాయి. ఆ 0.4 దయ కాదు. రోజూ నిలబడి బస్సులో వచ్చి, వారంలో రెండు రోజులు చేనుకు పోయి తెచ్చుకున్న 9.3ని, బెడ్డు, బువ్వ, స్టడీ అవర్ ఉన్నచోట తెచ్చుకున్న 9.7తో సమానం అనుకోవడం. ఇంత సరళమైన న్యాయం ఇంకెక్కడా కనబడదు. ఎన్ఎంఎంఎస్‌కు మాత్రం కోచింగ్ ఇచ్చే సారు ఉన్న బడిలో ఏటా నలుగురైదుగురికి వస్తుంది, లేని బడిలో దరఖాస్తు గడువు కూడా తెలియదు.

టౌన్‌కు ఈ బడితో సంబంధం పూర్తిగా తెగిందా అంటే తెగలేదు. గ్రౌండ్ ఉంది. తెల్లవారుజామున ఐదింటికి పోలీస్ కానిస్టేబుల్ పరీక్షకు తయారయ్యే కుర్రాళ్లు 1600 మీటర్లు, అమ్మాయిలు 800 మీటర్లు చేతిలో ఫోన్ టైమర్ పెట్టుకుని పరుగెడుతుంటారు. ఆరింటికి షుగర్ ఉన్న షావుకార్ల వాకింగ్. ఆదివారం క్రికెట్, ఎన్నికలొస్తే బహిరంగ సభ, పెద్ద నాయకుడొస్తే హెలిప్యాడ్. జనవరిలో పూర్వ విద్యార్థుల సమ్మేళనం. ఫలానా సంవత్సరం టెన్త్ బ్యాచ్ అంతా ఒకే రంగు చొక్కాలు వేసుకుని వస్తారు. ముసలి సార్లకు శాలువాలు కప్పి, కళ్ల నీళ్లు పెట్టుకుని, బడికి ఒక వాటర్ ప్లాంటో, స్టేజీయో ఇచ్చి పోతారు. వాళ్ల ప్రేమ అబద్ధం కాదు. వాళ్ల పిల్లలు మాత్రం ఈ గేటు లోపలికి ఆ ఒక్క రోజే వస్తారు, బిర్యానీ తినడానికి.

ఇప్పుడు ప్రభుత్వం రెండు దారుల మధ్య ఉంది. 2024లో మొదలైన యంగ్ ఇండియా సమీకృత గురుకులాల్లో ఒక్కోదానికి సుమారు 200 కోట్లు. ఇంకోవైపు అదే ఏడాది ఏర్పడిన తెలంగాణ విద్యా కమిషన్ పగటి బడుల్నే బలపరిచి, రవాణాతో సహా తెలంగాణ పబ్లిక్ స్కూళ్లుగా మలచమని సిఫారసు చేసింది. మొదటిదానికి శంకుస్థాపన రాయి ఉంటుంది, ఫోటో ఉంటుంది. రెండోదానికి ఉండేది పొద్దున ఏడున్నరకు ఊరి చివర ఆగే ఒక బస్సు. మండలానికి నాలుగు రూట్లు, నాలుగు బస్సులు అనుకున్నా ఒక గురుకులం ఖర్చుతో ఎన్ని మండలాలకు ఎన్నేళ్లు నడుస్తాయో లెక్క కష్టమేం కాదు.

అప్పటిదాకా బస్సు టైము పావుగంట ముందుకు జరపాలంటే హెడ్మాస్టర్ బడి లెటర్ ప్యాడ్ మీద డిపో మేనేజర్‌కు దరఖాస్తు రాసుకోవాలి. ఉత్త దరఖాస్తు ఫైల్లో పడుతుంది. కింద సర్పంచ్ సంతకం ఉంటే కొంచెం కదులుతుంది. ఆ సర్పంచ్ కోసం ఆయన టౌన్ దాటి ఊరికే పోవాలి. టౌన్‌కు సర్పంచ్ లేడు.